తెర ముందు నిలబడండి

తిరుపతిలో సముద్రం లేదు.
ఉన్న ఒక్కటీ మా స్టూడియోలో ఉండేది,
గాంధీ రోడ్డు సందులో, మెట్లెక్కితే ఎడమచేతి పక్క,
ఎనిమిదడుగుల ఎత్తు, పన్నెండడుగుల వెడల్పు.

కొండ దిగొచ్చిన గుండ్లు
చందనమైనా ఆరకముందే
దాని ఒడ్డున వరసగా నిలబడేవి.
"గడ్డం కొంచెం పైకి" అనేవాడు ఖాదర్ వలీ.
నేను గొడుగు పట్టేవాణ్ణి,
వానకు కాదు, వెలుతురుకు.

ఆ ఊరు మాకు బాకీ కింద వచ్చింది.
ఓడలో వంటచేసే పుత్తూరాయన
మొక్కు తీర్చుకుని, ఫోటో దిగి,
నాలుగు రూపాయలు తక్కువపడి
జేబులోంచి ఒక కార్డు తీసిచ్చినాడు.
ఫ్రాన్సు దేశమంట, మధ్యధరా సముద్రమంట.
గులాబీ రంగు గోడలు, తెల్ల పడవలు,
పడవల మీద పనేమీ లేని మనుషులు.
"ఇప్పుడంటే సినిమా తారలు గానీ
మొదట ఆ ఊరికి బొమ్మలేసేవాళ్లు పోయినారబ్బా,
ఆడి వెలుతురు కోసరం.
చేతిలో కాసు లేక చేపలకు బొమ్మలిచ్చినారంట"
అని చెప్పి
తానూ బొమ్మే ఇచ్చి పోయినాడు.

చెంగల్రాయుడు పన్నెండు రోజులు గీసినాడు.
సైకిలు షాపుల బోర్డులు రాసిన చెయ్యి,
గంగజాతరకు వేషగాళ్ల మొహాలు దిద్దిన చెయ్యి.
సముద్రాన్ని చూసింది లేదు.
"ఎంత నీలం ఉంటుందబ్బా అది?" అని
వచ్చినోళ్లనల్లా అడిగినాడు.
నెల్లూరాయన ఆకాశం చూపించినాడు.
మద్రాసామె, నీలమేంది, మట్టిరంగు అనింది.
ఆఖరికి అంగట్లో నీలిమందు పొట్లం కొని కలిపినాడు.
ముసురు పట్టిన రోజుల్లో మా సముద్రం
ఉతికిన పంచె వాసనేసేది.

కార్డులో కొండ లేదు. ఈయన పెట్టినాడు.
వెనక కొండ లేకుండా ఊరెట్లా నిలబడుతుందని.
మా మేడమీద నుంచి రోజూ కనిపించే కొండే,
ఆ ఎర్రరాతి అంచుతో సహా.
ఒక కాకిని కూడా.

కుప్పం నుంచి వచ్చిన ముసలామె
ఫోటో అయినాక తెర దగ్గరికి పోయి
వేలితో నీళ్లను తాకి కళ్లకద్దుకుంది.
మేము నవ్వితే
"ఏ నీళ్లయితే ఏం నాయనా" అనింది.
ఆ పొద్దు ఖాదర్ వలీ ఆమె దగ్గర దుడ్లు తీసుకోలేదు.

ఇంకొకటి చెప్పాల.
రేవు గట్టు మీద, సరీగా నడిమధ్యన,
చెంగల్రాయుడు ఒకణ్ణి కూర్చోబెట్టినాడు.
గళ్ల లుంగీ, మోకాళ్ల మీద అట్ట, చేతిలో కుంచె.
"ఫ్రాన్సులో లుంగీ ఏందిరా, చెరుపు" అని
ఖాదర్ వలీ రంకెలేసినాడు.
"చెరిపేదెందుకు, జనం నిలబడేది ఆడే గదా."
అంతే.
పందొమ్మిదేళ్లు
ఎవరో ఒకరు వాడికి అడ్డం నిలబడినారు,
మదనపల్లె టమేటా వ్యాపారులు, కొత్త పెళ్లికొడుకులు,
సెలవు దొరికిన కానిస్టేబుళ్లు.

సెల్లులొచ్చినాయి. స్టూడియో ఇప్పుడు
ఫోన్లకు తొడుగులమ్మే అంగడి.
సముద్రం సగానికి చినిగి
పాకాలలో వేరుశెనక్కాయల కుప్ప మీద
పట్టాగా కప్పి ఉందని ఎవరో చెప్పినారు.
రెండో సగం సంగతి తెలీదు.

మొన్న నేనూ సెల్లులో ఆ ఊరు చూసినాను.
పడవలు లాడ్జీలంత అయినాయి.
కాఫీ వెల చదివి నవ్వొచ్చింది.
చాలాసేపు కొండ కోసం వెతికినాను.

ఎవరూ తీసుకుపోని ఫోటోల డబ్బా ఒకటి
నా దగ్గరే ఉండిపోయింది.
అందులో పలమనేరు వాళ్ల కుటుంబం.
క్లిక్కుమనే వేళకు
నడిమి పిల్లోడు చెప్పు కోసం వంగినాడు.
వాడి వీపు మీదుగా, అమ్మా నాయనల నడుమ
లుంగీ కట్టిన మనిషి.
సముద్రం వైపు కాదు, మా వైపు చూస్తా ఉండాడు.

రోజూ ఆ తెర దులిపినవాణ్ణి,
అట్ట మీద ఏముందో ఎన్నడూ చూడలేదు.
భూతద్దం పెట్టినాను.
వేలిగోరంత గుండు ఒకటి,
పచ్చగా,
ఇంకా ఆరని చందనంతో.